అశ్వహృదయం – అక్షహృదయం

పాఠ్యభాగ ఉద్దేశం

యౌవనంలో అడుగుపెట్టే విద్యార్థికి సొంత వాహనం ఒక తీయని కల. ఆ కలను నెరవేర్చుకొనే క్రమంలో ధనవ్యయం, చట్టం, భద్రత అనే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. వాటిని వివేకంతో ఎలా పరిశీలించాలో ఒక పురాణగాథ ఆధారంగా, ఒక సామాన్య కుటుంబం ఉదాహరణగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం తెలుగువారికి సుపరిచితమైన కథ. నన్నయభట్టు దానిని తెనిగించాడు. జూదంలో రాజ్యాన్ని పోగొట్టుకొని, భార్యకు దూరమై, రూపం మారిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతియైన ఋతుపర్ణుని కొలువులో చేరాడు. దమయంతికి మరల స్వయంవరం జరుగుతుందనే వార్త వచ్చింది. ఒక్క పగటిలో విదర్భకు చేరాలి. బాహుకుడు అశ్వశాలకు వెళ్లి బక్కచిక్కిన గుర్రాలను ఎంచి తెచ్చాడు. వాటిని చూచి రాజు విస్తుపోయాడు. ఈ దుర్బలమైన గుర్రాలు అంత దూరం రథాన్ని ఎలా లాగుతాయని ఆక్షేపించాడు. బాహుకుడు చలించలేదు. అతడు చూచింది గుర్రాల పుష్టిని కాదు, లక్షణాలను. ఆ గుర్రాలే రథాన్ని వాయువేగంతో లాగాయి. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది. దానిని తీసుకొందామని అనేలోగా రథం ఒక యోజనం దాటిపోయింది.

మార్గమధ్యంలో ఒక తాండ్రచెట్టు కనిపించింది. ఋతుపర్ణుడు దాని ఆకులను, కాయలను చూచినంత మాత్రాన లెక్క చెప్పాడు. బాహుకుడు రథాన్ని ఆపి, చెట్టును కూల్చి, లెక్కించి చూచాడు. లెక్క సరిపోయింది. అప్పుడు రాజు తన విద్యయైన అక్షహృదయాన్ని, అనగా పాచికల మర్మంతో కూడిన సంఖ్యాజ్ఞానాన్ని నలునికి ఉపదేశించాడు. ప్రతిగా అశ్వహృదయాన్ని ఇవ్వడానికి నలుడు అంగీకరించాడు. అక్షహృదయం అందిన తక్షణమే, అంతవరకు నలుని పట్టి పీడిస్తున్న కలి అతని దేహాన్ని విడిచిపోయాడు.

ఈ కథలో ఒక సూక్ష్మం ఉంది. నలుడు అశ్వహృదయం తెలిసినవాడే. రథం తోలడంలో అతనికి సాటి లేరు. అయినా లెక్క తెలియకపోవడం వల్ల సర్వం కోల్పోయాడు. వాహనాన్ని నడిపే నేర్పు ఒక విద్య. లెక్క తెలిసి నిర్ణయం తీసుకొనే నేర్పు మరొక విద్య. ఒకటి ఉండి మరొకటి లేనివాని ప్రయాణం క్షేమంగా సాగదు.

నేటి యువకునికి అశ్వం మోటారు సైకిలు. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కొయ్యచట్రానికి పెట్రోలు ఇంజనును అమర్చి తయారుచేసిన బండి దీనికి ఆదిరూపం. మన దేశంలో 1955లో మద్రాసు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. 1985లో హీరో హోండా సంస్థ సీడీ 100 బండిని విపణిలోకి తెచ్చింది. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడిచే ఈ తరహా చిన్న బండ్లు క్రమంగా మధ్యతరగతి ఇళ్ల ముంగిళ్లకు చేరాయి. పాలక్యాన్లు, ఎరువుల బస్తాలు, బడికి వెళ్లే పిల్లలు అన్నీ వాటిమీదనే ప్రయాణించారు. ఆ విధంగా మోటారు సైకిలు తెలుగునాట విలాసవస్తువు కాక, ఇంటి పనిముట్టుగా మారింది. అయితే యువకుని కంటికి అది మొదట పనిముట్టుగా కనిపించదు. అద్దంలా మెరిసే టాంకు, గంభీరమైన శబ్దం, తోటివారి చూపులలోని మెప్పు ముందుగా కనిపిస్తాయి.

తెనాలికి 12 కిలోమీటర్ల దూరంలోని పల్లెలో నివసించే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తండ్రి కౌలురైతు. తల్లి ఒక గేదెను సాకుతూ పాలు పోసి నాలుగు రూపాయలు కూడబెడుతుంది. వారి కుమారుడు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం చదువుతుండగా, సహాధ్యాయి ఒకడు 150 సి.సి. బండిమీద కళాశాలకు వచ్చాడు. ఆ సాయంత్రం నుండి ఆ కుర్రవాని మనసు పుస్తకాలమీద నిలువలేదు. తనకూ బండి కావాలని ఇంట్లో అడిగాడు. తండ్రి, "ముందు పద్దెనిమిదేళ్లు నిండనీ నాయనా" అని ఊరుకొన్నాడు.

ఆ మాట పిసినారితనంతో అన్నది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదు. 16 సంవత్సరాలు నిండినవారికి 50 సి.సి. మించని చిన్న బండ్ల విషయంలో మాత్రమే మినహాయింపు ఉంది. 2019లో జరిగిన సవరణ ఈ నిబంధనను మరింత కఠినం చేసింది. మైనరు వాహనం నడుపుతూ నేరానికి పాల్పడితే, తమకు తెలియకుండా అది జరిగిందని నిరూపించుకోలేని తల్లిదండ్రులు గాని, వాహన యజమాని గాని శిక్షార్హులవుతారు. వారికి మూడేళ్ల వరకు కారాగారశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహన రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. కొద్ది నెలల తొందరపాటుకు ఏడెనిమిదేళ్ల నిరీక్షణ మూల్యమవుతుంది.

కుర్రవాడు డిగ్రీలో చేరాడు. తరగతులు ముగిసిన తరువాత తెనాలిలో ఒక పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. పల్లెకు ఆఖరి బస్సు రాత్రి 7 గంటలకు. అందువల్ల అంతవరకే పనిచేయగలిగేవాడు; జీతం నెలకు 3,000 రూపాయలు. రాత్రి 9 గంటల వరకు ఉంటే 5,000 ఇస్తానని యజమాని చెప్పాడు. ఇప్పుడు బండి కేవలం సరదా కాదు, ఒక అవసరం కూడా అయింది. అవసరం, సరదా కలిసి వచ్చినప్పుడు వాటిని వేరుచేసి చూడడం కష్టం. ఆ కుర్రవానికీ అదే జరిగింది. అవసరాన్ని సాకుగా చూపి, మనసులో మాత్రం 150 సి.సి. బండినే నిలుపుకొన్నాడు.

షోరూములో అడుగగా అన్ని ఖర్చులతో కలిపి 1,40,000 రూపాయలన్నారు. "40,000 కట్టి బండి తీసుకువెళ్లండి. మిగిలినది 36 వాయిదాలలో చెల్లించవచ్చు. వడ్డీ 12 శాతమే" అని విక్రేత చెప్పాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే తల్లి, "నా గాజులు తాకట్టు పెడితే ఆ నలభై వేలు వస్తాయిలే" అన్నది. ఆ గాజులు ఆమె పాల డబ్బుతో చేయించుకొన్నవి. తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి, "బండి ధర ఎంతో చెప్పావు నాయనా. దాన్ని పోషించడానికి నెలకు ఎంత కావాలో చెప్పలేదు. కాగితంమీద వేసి చూపించు" అన్నాడు.

ఆ రాత్రి కుర్రవాడు లెక్కకు కూర్చున్నాడు. లక్ష రూపాయల అప్పుకు ఏడాదికి 12 శాతం చొప్పున మూడేళ్లకు వడ్డీ 36,000. అసలుతో కలిపి 1,36,000. దానిని 36 వాయిదాలుగా భాగిస్తే నెలకు 3,778 రూపాయలు. రోజుకు రానుపోను 24 కిలోమీటర్లు. నెలకు 26 రోజులకు 624 కిలోమీటర్లు. ఆ బండి లీటరుకు 45 కిలోమీటర్లు నడుస్తుందనుకొంటే దాదాపు 14 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 108 రూపాయల చొప్పున రమారమి 1,500. సర్వీసింగు, ఆయిలు, టైర్లు, బీమా నిమిత్తం నెలకు 500 పక్కన పెట్టాలి. మొత్తం 5,778 రూపాయలు. బండి వల్ల పెరిగే జీతంతో కలిపి అతని ఆదాయం 5,000. బండి అతనిని పనికి తీసుకువెళ్లదు. బండి కోసమే అతడు పనికి వెళ్లవలసి వస్తుంది. అప్పటికీ నెలకు 778 రూపాయలు తండ్రి ఇవ్వాలి. తల్లి గాజులు విడిపించే దారి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇక్కడ విద్యార్థులు గ్రహించవలసిన గణితసూక్ష్మం ఒకటుంది. విక్రేత చెప్పిన 12 శాతం స్థిరవడ్డీ. దీనినే వ్యవహారంలో ఫ్లాట్ వడ్డీ అంటారు. ప్రతి వాయిదాతోను అసలు తగ్గుతూ ఉన్నా, ఈ పద్ధతిలో మూడేళ్లూ లక్ష రూపాయలమీదనే వడ్డీ లెక్కకడతారు. తగ్గుతున్న అసలుమీద 12 శాతం వడ్డీ అయితే నెలసరి వాయిదా సుమారు 3,321, మొత్తం వడ్డీ సుమారు 19,600 మాత్రమే. స్థిరవడ్డీలో చెల్లించేది 36,000. తగ్గే అసలుమీద లెక్కిస్తే ఆ వడ్డీ వాస్తవానికి 21 శాతం పైచిలుకు అవుతుంది. "వడ్డీ ఎంత?" అని అడిగితే చాలదు. "ఏ అసలుమీద?" అని కూడా అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల బండ్లమీద జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. అది ఊరట కలిగించేదే. కాని పన్ను తగ్గినంత మాత్రాన బండి తాగే పెట్రోలు తగ్గదు.

మరునాటి ఉదయం కుర్రవాడు తల్లితో, "అమ్మా, గాజులు దాచుకో" అన్నాడు. తండ్రి కాగితం చూచి ఏమీ అనలేదు. మడిచి జేబులో పెట్టుకొన్నాడు. అక్షహృదయం అందినప్పుడు కలి విడిచిపోవడమంటే ఇదే.

తరువాత తొమ్మిది నెలలు ఆ కుర్రవాడు బస్సులోనే తిరిగాడు. నెలకు 3,000 చొప్పున 27,000 రూపాయలు కూడబెట్టాడు. పంట అమ్మిన తరువాత తండ్రి 18,000 ఇచ్చాడు. ఈలోగా 18 ఏళ్లు నిండాయి. ఎల్.ఎల్.ఆర్. అని వ్యవహరించే లెర్నర్ లైసెన్సు తీసుకొన్నాడు. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్ఫై రోజుల తరువాత డ్రైవింగు పరీక్షకు హాజరు కావచ్చు. బాబాయి బండిమీద, ఆయన వెనుక కూర్చుండగా, ఊరి చివరి మైదానంలో సాధన చేసి పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఇక ఎంపిక. అవసరం రోజుకు 24 కిలోమీటర్లు, దారి పంటకాలువ వెంట సాగే సన్నని తారురోడ్డు, ప్రయాణం రాత్రివేళ, ఎక్కేది ఒక్కడు. ఈ నాలుగు మాటలకు 100 సి.సి. బండి సరిపోతుంది. సుమారు 110 కిలోల బరువుండే అటువంటి బండిని కొత్తగా నేర్చినవాడు కూడా సులువుగా అదుపు చేయగలడు. సీటుమీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనడం మరొక ముఖ్యలక్షణం. బండి పడిపోయేది వేగంలోనే కాదు. ఆగినప్పుడు, తిప్పినప్పుడు కూడా పడుతుంది.

తెనాలిలోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆరేళ్లనాటి 100 సి.సి. బండిని అమ్మజూపాడు. కుర్రవాడు తమ ఊరి మెకానిక్‌ను వెంటబెట్టుకొని వెళ్లాడు. మెకానిక్ మొట్టమొదట ఇంజనును తాకి చూచాడు. "చల్లగా ఉన్న బండినే చూడాలి బాబూ. ముందే వేడిచేసి ఉంచితే రోగం బయటపడదు" అన్నాడు. కిక్కు కొట్టగానే బండి స్టార్టయింది. పొగగొట్టం నుండి నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని గుర్తు, అది రాలేదు. ముందరి ఫోర్కుల వద్ద ఆయిలు కారడం లేదు. హ్యాండిలు అడ్డం లేకుండా తిరుగుతున్నది. తిన్నగా నడిపితే ఒక పక్కకు లాగడం లేదు. వెనుక టైరు అరిగింది, చైను సాగింది. ఈ రెండు లోపాలూ బయటికి కనిపించేవి, డబ్బుతో సరిచేయదగినవి. చట్రం వంగిన బండి పైకి ఎంత మెరిసినా కొనదగినది కాదు.

బండి శరీరమైతే పత్రాలు దాని వంశచరిత్ర. ఆర్.సి.లోని ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య బండిమీది సంఖ్యలతో సరిపోవాలి. ఫైనాన్సు అప్పు తీరినట్లు నమోదై ఉండాలి. చెల్లించని చలానాలు ఉన్నాయేమో చూడాలి. బీమా, కాలుష్య నియంత్రణ పత్రం ఉండాలి. అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీని రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 సంఖ్యల పత్రాలు ఉన్నాయి. చేతులు మారిన బండి పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు రిజిస్టరులో ఉన్న యజమానియే బాధ్యుడని 2018లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. కాబట్టి పేరు మార్పిడి కొన్నవారికే కాక అమ్మినవారికి కూడా అత్యవసరం.

బేరం 38,000 రూపాయలకు కుదిరింది. మిగిలిన 7,000లో వెనుక టైరుకు 2,000. చైను, బ్రేకులు, ఆయిలుకు 2,000. పేరు మార్పిడి, బీమాకు 1,500. హెల్మెట్‌కు 1,500 కేటాయించాడు. బండి ఇంటికి రావడానికి ముందురోజే హెల్మెట్ వచ్చింది. ఐ.ఎస్.ఐ. ముద్ర కలిగి, ఐ.ఎస్. 4151 ప్రమాణానికి లోబడిన హెల్మెట్లనే తయారుచేసి అమ్మాలనే ఉత్తర్వు 2021 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. రోడ్డుపక్క చవకగా అమ్మే డొప్ప పోలీసు కంటిని కప్పగలదేమో గాని తలను కాపాడలేదు. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ కూడా అటువంటిదే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్రవాహనాలమీద ప్రయాణించినవారు. హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. ఇవి అంకెలుగా కనిపిస్తాయి. కాని ప్రతి అంకె వెనుక, గడియ తీసి ఎదురుచూచిన ఒక ఇల్లు ఉంది.

వేగం విషయంలో భౌతికశాస్త్రం నేర్పే పాఠం స్పష్టమైనది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు పట్టడానికి ఒక సెకను పడుతుందనుకొందాం. ఓ మోస్తరు బ్రేకుతో ఆగడానికి మరి 12 మీటర్లు కావాలి. మొత్తం 23 మీటర్లు. అదే 80 కిలోమీటర్ల వేగమైతే 22 మీటర్లకు 49 మీటర్లు తోడై మొత్తం 71 మీటర్లవుతుంది. చిన్న బండి దీపం రాత్రిపూట చూపే దూరం కొద్దిపాటిదే. పల్లెదారిలో వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, దారికి అడ్డంగా పడుకొన్న గేదెలు, ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు ఎదురవుతాయి. కంటికి కనిపించేంత దూరంలో ఆగలేనంత వేగం గుడ్డివేగమే.

ఆపడంలో కూడా నేర్పు ఉంది. ముందరి బ్రేకు పడితే పల్టీ కొడతామనే భయంతో చాలామంది వెనుక బ్రేకునే నమ్ముతారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రంమీదికి ఒరుగుతుంది. కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందరి బ్రేకే. రెండు బ్రేకులనూ కలిపి, క్రమంగా ఒత్తిడి పెంచుతూ వేయాలి. ఇసుకమీద, ధాన్యంమీద మాత్రం ముందరి బ్రేకును మృదువుగా వాడాలి. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. మించిన బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అంతకు తక్కువ బండ్లకు కనీసం రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే సి.బి.ఎస్. ఉండాలన్నారు. యంత్రం కొంత సాయపడుతుంది. మిగిలిన భారం నడిపేవానిదే.

ఇప్పుడు ఆ కుర్రవాడు రాత్రి 9 గంటలకు దుకాణం మూసి బయలుదేరుతాడు. అతని బండి లీటరుకు 60 కిలోమీటర్లు ఇస్తుంది. పెట్రోలుకు రమారమి 1,120, నిర్వహణకు 500 పోగా, జీతంలో 3,380 రూపాయలు మిగులుతాయి. మొదటి ఆరు నెలల మిగులుతో తండ్రి ఇచ్చిన 18,000 తిరిగి ఇచ్చివేశాడు. సహాధ్యాయి బండి దారిలో దాటిపోయినప్పుడు మనసులో చిన్న కలుక్కుమనే బాధ లేకపోలేదు. అటువంటి బాధ వయస్సుకు సహజం. దానికి అప్పు మందు కాదు.

కొనడం వేరు, పోషించడం వేరు. నడపడం వేరు, ఆపడం వేరు. బక్కగుర్రాలను ఎంచిన నలుడు పగటిలోనే విదర్భకు చేరాడు. లెక్క తెలిసి ఎంచుకొన్న చిన్న బండి ఆ కుర్రవానిని ప్రతిరాత్రీ ఇంటికి చేరుస్తున్నది. గేటు దగ్గర బండి చప్పుడు వినబడగానే తల్లి అన్నం వడ్డించడానికి లేస్తుంది. ఆమె చేతి గాజులు గలగలమంటాయి.

అర్థాలు

ఆక్షేపించు = తప్పుపట్టు
ఉత్తరీయం = పైబట్ట, కండువా
తెనిగించు = తెలుగులోకి అనువదించు
మూల్యం = వెల
యోజనం = దూరాన్ని కొలిచే ఒక ప్రాచీన ప్రమాణం
విపణి = అంగడి, మార్కెట్టు
సహాధ్యాయి = కలిసి చదువుకొనేవాడు

వ్యాకరణాంశాలు

అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
అశ్వహృదయం = అశ్వం యొక్క హృదయం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు = తల్లియు, తండ్రియు – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నలోపాఖ్యానంలోని రెండు విద్యలను మోటారు సైకిలు ఎంపికకు ఎలా అన్వయించవచ్చో వివరించండి.
2. పాత బండిని కొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. స్థిరవడ్డీకి, తగ్గే అసలుమీది వడ్డీకి గల భేదం ఏమిటి?
2. మైనరు వాహనం నడిపితే కలిగే పరిణామాలు ఏవి?

ఇ. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "దాన్ని పోషించడానికి నెలకు ఎంత కావాలో చెప్పలేదు."
2. "చల్లగా ఉన్న బండినే చూడాలి బాబూ."

ఈ. స్వయంగా చేయండి.
మీ ఇంట్లో గాని, మీకు తెలిసినవారింట్లో గాని ఉన్న వాహనానికి ఒక నెలలో అయ్యే ఖర్చును అడిగి తెలుసుకొని పట్టికగా రాయండి.